హరికథా పితామహుడు

శ్రీకాకుళ పట్టణమునకు చేరువనున్న అరసవల్లి ప్రసిద్ధమైన సూర్యక్షేత్రము. తూర్పు గాంగరాజులలో ఒకడగు దేవేంద్రవర్మ ఈ యాలయమును కట్టించెనని ప్రతీతి. ఏటేట మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయసూర్యుని కిరణములు గర్భాలయమున నున్న స్వామి పాదములను సోకునట్లు శిల్పులు దీనిని నిర్మించిరి. మాఘశుద్ధ సప్తమి నాడు, అనగా రథసప్తమి నాడు, ఆ స్వామిని సేవించుటకు జనులు తండోపతండములుగ వచ్చుచుందురు. ఆ ప్రాంతమున సూర్యనారాయణ యను పేరు లేని యూరు కానరాదు.

కళింగసీమలో జాతరను తీర్థమని కూడ వ్యవహరింతురు. తీర్థమన్నచో దేవుని దర్శించి తిరిగి వచ్చుట మాత్రమే కాదు. ఆనాడు ఊరి వీధులన్నియు రంగస్థలములగును. వక్షస్థలమున రేకుతప్పెటలు కట్టుకొని గొల్లలు తప్పెటగుళ్లు ఆడుదురు. జముకు వాయించుచు కథకులు వీరగాథలు పాడుదురు. తూర్పుభాగవతమున సత్యభామ జడ విసరుచు ప్రవేశించును. పులివేషములు, కోలాటములు, చెక్కభజనలు రాత్రియెల్ల సాగును. చూచువారు రుసుము చెల్లింపనక్కరలేదు. కూర్చుండుటకు నేలయే పీఠము.

అయితే నూటయేబది సంవత్సరములకు పూర్వము ఇదే సీమలో మరియొక కళాలోకము కూడ నుండెను. బొబ్బిలి, విజయనగరము మున్నగు సంస్థానముల కోటలలో వైణికులు వీణ వాయించుచుండిరి. గాయకులు రాగాలాపన చేయుచుండిరి. పండితులు కావ్యగోష్ఠులు నెరపుచుండిరి. ఆ విద్య గొప్పది; కాని అది కోటగోడలు దాటి పొలముదున్ను రైతు చెవిని బడుట యరుదు. ఇటు వీధికళలను పండితులు పామరుల వినోదముగ నెంచి వాని వంక చూడకుండిరి. ఒకే యూరిలో పుట్టిన రెండు విద్యలు ఒకదాని మొగము నొకటి యెరుగక బ్రతుకుచుండెను. ఈ రెంటిని ఒక్క వేదికపైకి తెచ్చి, కోటలోని విద్యను వీధిలోని జనులకు పంచిపెట్టిన మహనీయుడు ఆదిభట్ల నారాయణదాసుగారు.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలికి సమీపముననున్న అజ్జాడ యను గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము చిరకాలము విజయనగర ప్రాంతములోనిదిగ పేరొందినది. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో నేడది చేరియున్నది. తండ్రి వేంకటచయనులు శాస్త్రజ్ఞుడు, కవి. తల్లి లక్ష్మీనరసమ్మ. తల్లిదండ్రులు బాలునకు పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసను పేరు తరువాతి కాలమున వచ్చినది.

ఆ కుటుంబమునకు విద్యాధనమే కాని వేరు ధనము లేదు. బాలుని క్రమముగ బడికి పంపి చదివించుటకు వీలు చిక్కలేదు. అయినను ఇల్లే బడియైనది. తండ్రి చదువు శ్లోకములు, పెద్దలు పాడు పద్యములు చెవిని బడినంతనే అతనికి కంఠస్థములగుచుండెను. ఐదేండ్ల ప్రాయమున తల్లితో తీర్థయాత్రకు పోయినపుడు ఒక పుస్తకముల యంగడిముందు నిలిచి తనకు భాగవతము కావలెనని అతడు పట్టుపట్టెనట. అక్షరములు దిద్దు వయస్సున ఈ పిల్లవానికి భాగవతమెందులకని అంగడివాడు నవ్వెనట. అంతట బాలుడు పోతనగారి పద్యములను ధారాళముగ చదువగా అతడు ఆశ్చర్యపడి ఆ గ్రంథమును బహుమానముగ నొసగెనని పెద్దలు చెప్పుకొందురు.

సంగీతమున బాలునికి గల ఆసక్తిని గమనించి పెద్దలు అతనిని బొబ్బిలికి గొనిపోయిరి. అచ్చట వాసా సాంబయ్యగారను వైణికుని యొద్ద అతడు శిక్షణ పొందెను. పిమ్మట విజయనగరము చేరి ఆంగ్లవిద్య నభ్యసింప మొదలిడెను. ఆ కాలమున విజయనగరము విద్యలకు పుట్టినిల్లుగ నుండెను. ఆనందగజపతి మహారాజు స్వయముగ సంగీతసాహిత్య రసికుడు. గురజాడ అప్పారావుగారు ఆ పట్టణముననే ఎదిగిన కవి. దాసుగారికంటె రెండేండ్లు పెద్ద.

1883వ సంవత్సరమున జరిగిన యొక సంఘటనము ఈ యువకుని జీవితమార్గమును నిర్ణయించెను. కుప్పుసామినాయుడను కథకుడు చెన్నపట్టణమునుండి విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పెను. ఒక్క మనిషి నిలుచుండి, పాడుచు, పలుకుచు, వందలాది జనులను కూర్చున్న చోటనుండి కదలనీయకుండుట సూర్యనారాయణ చూచెను. ఆనాటికి అతనికి పందొమ్మిదేండ్లు. తానును అట్టి కథ చెప్పవలెనని అతడు సంకల్పించుకొనెను. సంకల్పించుకొని ఊరకుండక స్వయముగ ధ్రువచరిత్రమును రచించి, విజయనగరములోని వేణుగోపాలస్వామి యాలయమున ఆ సంవత్సరమే గానము చేసెను. అదియే ఆయన తొలి హరికథ.

తొలికథకు ధ్రువచరిత్రము తగిన వస్తువే. తండ్రి యొడిలో కూర్చుండుటకు నోచుకొనక, సవతితల్లి మాటలకు నొచ్చి, ఐదేండ్ల పసివాడు అడవికిపోయి, పట్టుదలతో తపస్సుచేసి, ఎవ్వరును కదలింపలేని స్థానమును సంపాదించిన కథ యది. కోటలోని ప్రభువునకును, వీధిలోని కూలివానికిని ఆ పసివాని దుఃఖము ఒక్కటే. ఆ కథ విన్నవారిలో అక్షరజ్ఞానము లేనివారు కూడ ఉండిరి. వారికి రాగముల పేర్లు తెలియకపోయినను ధ్రువుని కన్నీరు తెలిసెను.

హరికథ యన నేమి? దేవుని కథను పాటగను, పద్యముగను, వచనముగను కలిపి యొక్కడే చెప్పు కళ. ఇట్టి కథాగానము భారతదేశమున వేర్వేరు రూపములలో గలదు. మహారాష్ట్రమున దానిని కీర్తనమందురు. మహారాష్ట్ర ప్రభువులు తంజావూరు నేలిన కాలమున ఆ సంప్రదాయము దక్షిణదేశమునకు వచ్చి, అరవదేశమున కథాకాలక్షేపముగ వర్ధిల్లెను. తెలుగునాట దానికి తెలుగుతనము నిచ్చి, ఒక సమగ్రమైన రూపము నేర్పరచినవారు నారాయణదాసుగారు.

తెలుగు హరికథకుడు కాళ్లకు గజ్జెలు కట్టుకొనును. పట్టుపంచె ధరించి, నడుమున ఉత్తరీయము బిగించి, మెడలో పూలమాల వేసికొనును. చేతిలో చిరుతలు పట్టుకొని తాళము వేయుచుండును. ప్రక్కన మృదంగము, వయొలిను సహకరించును. అతడే గాయకుడు, అతడే నర్తకుడు, అతడే వ్యాఖ్యాత. ఒక క్షణమున అతడు హిరణ్యకశిపుడై గర్జించును. మరుక్షణమున ప్రహ్లాదుడై చేతులు జోడించును. నడుమ నడుమ పిట్టకథలు చెప్పి నవ్వించును. లోకములోని అవినీతిని ఎత్తిపొడుచును. నాటకమునకు పలువురు నటులు, తెరలు, దీపములు కావలెను. హరికథకు ఒక్క మనిషి, కొంచెము చోటు చాలును. కనుకనే అది ఏ కుగ్రామమునకైనను పోగలిగినది.

అయితే ఈ మార్గమున నడచుట దాసుగారికి సులభము కాలేదు. వేదశాస్త్రములు తెలిసిన వంశమున బుట్టిన పండితుడు కాలికి గజ్జెకట్టి పదిమంది యెదుట ఆడుట గౌరవము కాదని తలచువారు ఆనాడు గలరు. చదువుకున్న యువకునకు సర్కారు కొలువున్నది, సంస్థానమున పండితపదవి యున్నది. ఊరూర తిరిగి కథలు చెప్పుట యేల యని వారి భావము. కథ చెప్పువానికి ఆస్తి లేదు, నెలజీతము లేదు. నేడొక యూరివారు సత్కరింపవచ్చును. రేపు మరియొక యూరివారు మరచిపోవచ్చును. పేరును, బ్రతుకుతెరువును రెంటిని పణముగ నొడ్డి దాసుగారు ఈ వృత్తిని చేపట్టిరి. విమర్శకులకు ఆయన తన విద్యతోనే సమాధానమిచ్చిరి. గజ్జెకట్టినవాడు పండితుడు కానేరడను మాటను అబద్ధము చేయుటకు అష్టావధానములు చేసిరి, సంస్కృతమున సయితము హరికథ రచించిరి, సంగీతసభలలో ఉద్దండులగు విద్వాంసుల సరసన నిలిచిరి.

లయజ్ఞానమున ఆయనకు సాటి లేరని చెప్పుదురు. రెండు చేతులతో రెండు తాళములు, రెండు పాదములతో రెండు తాళములు, శిరస్సుతో ఒక తాళము ఏకకాలమున నడపుచు పాడు శక్తి ఆయనకుండెనని ప్రసిద్ధి. అందుచేతనే ఆయనను పంచముఖీ పరమేశ్వరుడని కొనియాడిరి. తొంబది రాగములను కూర్చి ఆయన రచించిన దశవిధ రాగ నవతి కుసుమ మంజరి సంగీతలోకమున అపూర్వమైన రచన. ధ్వనివర్ధక యంత్రములు లేని ఆ దినములలో ఆయన గంభీర కంఠస్వరము జనసమూహము చివర నున్నవానికి సయితము వినవచ్చుచుండెనట.

దాసుగారి కీర్తి కళింగసీమ దాటి వ్యాపించెను. చెన్నపట్టణము, మైసూరు మొదలగు చోట్లకు పోయి ఆయన కథలు చెప్పిరి. మైసూరు మహారాజు ఆ గానమును విని సన్మానించి, తన యాస్థానమున నుండుమని కోరగా దాసుగారు సమ్మతింపక స్వస్థలమునకు మరలివచ్చిరని చెప్పుదురు. ఇంటి ముంగిటనున్న వృక్షము విలువ ఇంటివారికి ఆలస్యముగ తెలియును. పరదేశమున జరిగిన సన్మానము విని ఆనందగజపతి మహారాజు ఆయనను పిలిపించి ఆదరించెను. ఆ విధముగ విజయనగర సంస్థానమున ఆయనకు సముచితస్థానము లభించెను. సంస్థానము ఆదరించిన పిమ్మట కూడ ఆయన ఊళ్లను విడువలేదు. కోటలో పాడిన నోటితోనే దేవాలయముల ముంగిట పాడిరి.

హరికథ వలన గ్రామముల పండుగలకు ఒక క్రొత్త శోభ వచ్చెను. శ్రీరామనవమి వచ్చినదన్నచో వీధి మొగమున తాటాకుపందిరి వేయుదురు. ఇంటింట చందాలు వసూలుచేయుదురు. ధనమీయలేనివారు తాటాకులో, వెదుళ్లో, బియ్యమో ఇత్తురు. రాత్రి భోజనములైన పిమ్మట చాపలు చంకనిడుకొని పిల్లలు, పెద్దలు పందిరి చేరుదురు. దీపముల వెలుగున దాసరి గజ్జెలు ఘల్లుమనును. తెల్లవారుజాము వరకు కథ నడచును. నడుమ హారతిపళ్లెము త్రిప్పుదురు. అందులో ఎవరి శక్తికొలది వారు కాసులు వేయుదురు. కొన్ని యూళ్లలో తొమ్మిది రాత్రులు వరుసగ కథ జరుగును. దసరాకును, వినాయకచవితికిని కూడ ఇదే పద్ధతి. ఈ యుత్సవమునకు కర్త ప్రభువు కాదు, ఊరంతయు కర్తయే. ఊరు పందిరి వేసినది, ఊరు పళ్లెము నింపినది, ఊరు కూర్చుండి విన్నది.

ఈ పందిళ్లు లక్షలాది ప్రజలకు పాఠశాలలైనవి. చదువురాని తల్లి హరిశ్చంద్రుని కథ విని సత్యము విలువ తెలిసికొనెను. ఆ కథను తన బిడ్డలకు చెప్పెను. సావిత్రి ధైర్యము, ప్రహ్లాదుని భక్తి, భీష్ముని ప్రతిజ్ఞ పుస్తకము ముట్టని ఇండ్లలో సయితము ఇంటిమాటలైనవి. రాగజ్ఞానము కూడ ఇట్లే వ్యాపించెను. ఒక కథలో విన్న వరుసను మరునాడు పొలములో పాడుకొన్న పాలేరునకు అది మోహనయో, కాంభోజియో తెలియకపోవచ్చును; కాని దాని మాధుర్యము వానికి దక్కెను. తరువాతి కాలమున స్వాతంత్ర్యోద్యమపు దినములలో గాంధీమహాత్ముని చరిత్రమును సయితము హరికథగ చెప్పి జనులను మేల్కొలిపిన దాసులు గలరు. పాత్ర సిద్ధముగ నున్నందున క్రొత్త అమృతమును పంచుట సాధ్యమైనది.

దాసుగారి పాండిత్యము హరికథతో ఆగలేదు. సంస్కృతాంధ్రములేగాక ఆంగ్లము, పారశీకము, అరబ్బీ మున్నగు భాషలను ఆయన నేర్చిరి. పారశీకకవి ఉమర్ ఖయ్యాము రచించిన రుబాయీలను మూలమునుండి సంస్కృతమునకును, అచ్చతెలుగునకును అనువదించిరి. ఆ గ్రంథము 1932లో వెలువడినది. కాళిదాసు, షేక్స్పియరు మహాకవుల రచనలలోని రసవద్ఘట్టములను ఏరి తెనిగించి నవరసతరంగిణి యను గ్రంథమును కూర్చిరి. లలితాసహస్రనామములను తల్లివిన్కి యను పేర తెలుగుచేసిరి. సీమపల్కువహి యను నిఘంటువును సమకూర్చిరి. తన జీవితములోని తొలిభాగమును నా యెరుక యను గ్రంథమున వ్రాసికొనిరి.

ఇన్ని భాషలు నేర్చిన ఆయనకు తెలుగుపై గల ప్రేమ మిక్కుటము. పొరుగు మాటల యండలేక తెలుగు దేనినైనను చెప్పగలదని ఆయన నమ్మకము. అచ్చతెలుగు రచనలకు ఆయన పూనుకొనుటకు అదియే కారణము. అదే పట్టణమున అప్పారావుగారు వాడుకభాషలో కన్యాశుల్కము రచించిరి. అది 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది. ఒకరు జనుల నోటిమాటను సాహిత్యములోనికి గొనిపోయిరి. మరియొకరు సాహిత్యమును జనుల ముంగిటికి గొనివచ్చిరి. వారి త్రోవలు వేరైనను ఇరువురును చేరిన చోటు ప్రజలమధ్యనే.

1919వ సంవత్సరమున విజయరామగజపతి మహారాజు విజయనగరమున సంగీత పాఠశాలను స్థాపించెను. అంధుడగు ఒక బాలునికి సంగీతము చెప్పించుటకు ఎక్కడికో దూరదేశము పంపవలసివచ్చినపుడు, ఇచ్చటనే పాఠశాల యేల యుండరాదను ఆలోచన పుట్టినదని చెప్పుదురు. శ్రీ విజయరామ గానపాఠశాల యని పేరొందిన ఆ సంస్థకు మొట్టమొదటి అధ్యక్షులు నారాయణదాసుగారే. అంతకుపూర్వము సంగీతము నేర్వగోరువాడు గురువుగారి యింట ఏండ్లకొలది శుశ్రూష చేయవలసియుండెను. గురువు కరుణించిననే విద్య లభించును. పాఠశాల తలుపులు తెరచినపుడు ఆ కట్టుబాటు సడలినది. విద్య కోరిన పేదబాలునకును అందు చోటు దొరకినది.

ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పాఠశాలలో వయొలిను ఆచార్యులైరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియారేండ్లే. విద్యార్థిగ చేరవచ్చిన యువకుని వాద్యము విని ఆచార్యునిగ నియమించిరని ఒక కథ వాడుకలో నున్నది. యోగ్యతను గుర్తించుటకు వయస్సుతో పనిలేదని ఆ కథ తెలుపును. 1936లో దాసుగారు పదవిని విడువగా వేంకటస్వామినాయుడుగారే తదుపరి అధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ పాఠశాలలోనే సంగీతము నేర్చిరి. ఆ సంస్థ నేడు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగ నడచుచున్నది.

1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన నారాయణదాసుగారు విజయనగరమున పరమపదించిరి. అప్పటికి ఆయనకు ఎనుబది యేండ్లు నిండినవి. ఆయన శిష్యులును, వారి శిష్యులును తెలుగుదేశమంతట హరికథను వ్యాపింపజేసిరి. జనులు ఆయనను హరికథా పితామహుడని గౌరవముతో స్మరింతురు.

కాలము మారినది. చలనచిత్రములు వచ్చినవి, రేడియో వచ్చినది, టెలివిజను వచ్చినది, నేడు అరచేతిలోనే సమస్త వినోదములు లభించుచున్నవి. రాత్రియంతయు పందిట కూర్చుండు ఓపిక తగ్గినది. అనేక గ్రామములలో పందిళ్లు వేయువారు కరవైరి. అయినను హరికథ అంతరింపలేదు. గోదావరీతీరమున కపిలేశ్వరపురములో ఈ విద్యకై ప్రత్యేకముగ ఒక పాఠశాల వెలసినది. అందు బాలికలు హరికథ నేర్చుటకు అవకాశము కలిగినది. ఒకప్పుడు పురుషులకే పరిమితమైన గజ్జెలను స్త్రీలు కట్టి కథలు చెప్పుచున్నారు. 2023లో హరికథావిద్వాంసులు కోట సచ్చిదానందశాస్త్రిగారికి భారతప్రభుత్వము పద్మశ్రీ పురస్కార మొసగి ఈ కళను గౌరవించినది.

విద్య పెట్టెలో దాచిన సొమ్ము వంటిది కాదు, పంచినకొలది పెరుగును. ఈ సత్యమును అనేకులు చెప్పిరి. నారాయణదాసుగారు ఆచరించి చూపిరి. మహారాజులు మెచ్చిన పాటను పల్లెవాని యెదుట పాడినందున ఆ పాట విలువ తగ్గలేదు. పల్లెవాని మనస్సు పెరిగినది. ఊరిలో తీర్థము జరుగునపుడు, పందిటిలో గజ్జెలు మ్రోగునపుడు, ఆ మ్రోత వెనుక పందొమ్మిదేండ్ల యువకుని సాహస మొకటి యున్నదని తెలిసికొని వినువారికి ఆ కథ మరింత మధురముగ నుండును.